నీరు మారింది... సొర దారి మళ్లింది!

వేడెక్కుతున్న సముద్రంలో లెక్క తప్పుతున్న సొరల రాకపోకలు
డైవర్లకు పాత క్యాలెండరు అక్కరకు రాని కాలం

విశాఖపట్నం: 2022 డిసెంబరులో విశాఖ నగరానికి దక్షిణాన, అనకాపల్లి జిల్లా పరిధిలోని తంతడి తీరానికి ఒక భారీ చేప కొట్టుకొచ్చింది. బరువు సుమారు రెండు టన్నులు. ఒంటినిండా తెల్లని చుక్కలు. ఒడ్డున చిక్కి కదలలేకపోతున్న ఆ మూగజీవిని అటవీ సిబ్బంది, మత్స్యకారులు, వన్యప్రాణి ప్రేమికులు కలిసి శ్రమించి తిరిగి లోతు నీటిలోకి సాగనంపారు. అది వేల్‌ షార్క్‌. తెలుగులో తిమింగల సొర అనవచ్చు. పేరులో తిమింగలం ఉన్నా అది తిమింగలం కాదు, ముమ్మాటికీ చేపే. ప్రపంచంలోకెల్లా అతి పెద్ద చేప. నిండుగా ఎదిగితే 18 మీటర్ల వరకు ఉంటుంది. అంటే నగరంలో తిరిగే సిటీ బస్సు కంటే పొడవన్నమాట.

రుషికొండ, మంగమారిపేట తీరాల్లో కొన్నేళ్లుగా స్కూబా డైవింగ్‌ సాగుతోంది. వీపున గాలి సిలిండరు, నోట శ్వాసగొట్టం, కళ్లకు అద్దాల ముసుగు తగిలించుకుని సాగరగర్భాన్ని చూసి రావాలని పర్యాటకులు ముచ్చటపడుతున్నారు. పడవ ఎక్కేముందు వారి మనసులో మెదిలే ప్రశ్న ఒకటే... 'సొరలుంటాయా?' ఉంటాయన్నదే నిజాయతీ గల జవాబు. అయితే అంతకంటే అవసరమైన ప్రశ్న మరొకటి ఉంది. ఏ నెలలో, ఎంత లోతులో, ఎలాంటి నీటిలో ఉంటాయి? ప్రపంచంలోని పేరెన్నికగన్న డైవింగ్‌ కేంద్రాల్లో ఒకప్పుడు ఈ ప్రశ్నకు క్యాలెండరు చూసి జవాబు చెప్పేవారు. ఇప్పుడు థర్మామీటరు కూడా చూడాల్సి వస్తోంది.

పాలసొర నుంచి పులిసొర దాకా

తీరాంధ్ర వంటింటికి సొర కొత్త కాదు. బాలింతకు పాలసొర పులుసు పెడితే పాలు పడతాయన్న నమ్మకం తీర గ్రామాల్లో నేటికీ ఉంది. విశాఖ చేపలరేవుకు చేరే మరబోట్లలో చిన్నాపెద్దా సొరలు దిగుతూనే ఉంటాయి. మనిషి సొరను తినడమే తప్ప సొర మనిషిని తినడం బహు అరుదన్న సంగతి గంగపుత్రులకు తెలిసినంతగా, సినిమాలు చూసి జడుసుకునేవారికి తెలియదు. మనిషి రెచ్చగొట్టకుండా సొర కరిచిన ఘటనలు 2024లో ప్రపంచం మొత్తం మీద 47 నమోదైనట్లు అమెరికాలోని ఫ్లోరిడా మ్యూజియం నిర్వహించే రికార్డు చెబుతోంది. వాటిలోనూ ఎక్కువమంది కెరటాలపై పలకలతో తేలే సర్ఫర్లు, ఈతగాళ్లే. నీటి అడుగున నెమ్మదిగా కదిలే డైవర్లు బాధితులైన ఘటనలు చాలా తక్కువ.

సొర జాతుల సంఖ్య ఐదు వందలకు పైమాటే. అరచేతిలో ఇమిడేవి ఉన్నాయి, నదుల్లోకి ఎగబాకేవీ ఉన్నాయి. పులిసొర పలు రకాల ఆహారం తింటుంది. తిమింగల సొర మాత్రం నోరు తెరిచి నీటిని తాగుతూ, అందులోని సూక్ష్మజీవులను, చేపగుడ్లను, చిరుచేపలను వడకట్టి మింగుతుంది. అంత పెద్ద దేహానికి ఆధారం కంటికి ఆనని ప్లవకాలే కావడం సృష్టిలోని వింతల్లో ఒకటి.

ఇక సొరలకు మనిషి చేసిన చేటు లెక్కకు అందనిది. 1970 తర్వాతి అర్ధశతాబ్దంలో నడిసంద్రంలో తిరిగే సొరలు, టేకు చేపల సంఖ్య 71 శాతం పడిపోయిందని 2021లో 'నేచర్‌' పత్రికలో వెలువడిన అధ్యయనం తేల్చింది. ప్రధాన కారణం మితిమీరిన వేట. అలా చిక్కిపోయిన జాతిపై ఇప్పుడు నీటి మార్పు రెండో దెబ్బగా వచ్చి పడుతోంది.

ఒంటితోనే నీటిని చదివే చేప

సముద్రం వేడెక్కితే సొరకేమిటి ఇబ్బంది? జవాబు దాని ఒంట్లోనే ఉంది. అత్యధిక సొర జాతుల శరీర ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న నీటిని బట్టే ఉంటుంది. నీరు వేడెక్కితే గుండె వేగం, జీర్ణక్రియ, శ్వాస అన్నీ జోరందుకుంటాయి. ఒంటికి మరింత ప్రాణవాయువు కావాలి. కానీ వెచ్చని నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు చల్లని నీటిలో కంటే తక్కువ. ఖర్చు పెరిగిన నెలలోనే జీతం కోత పడినట్లన్నమాట. 1960 నుంచి ప్రపంచ సముద్రాలు తమలోని ప్రాణవాయువులో సుమారు 2 శాతం కోల్పోయాయని 2017లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 2 శాతమే కదా అనిపిస్తుంది. అది అన్నిచోట్లా సమానంగా తగ్గలేదు. ఇప్పటికే కొరత ఉన్న మధ్యస్థ లోతుల పొరల్లో ఆ లోటు మరింత కొట్టొచ్చినట్లు కనిపిస్తోంది.

ఆస్ట్రేలియా గ్రేట్‌ బ్యారియర్‌ రీఫ్‌లో రెక్కలను కాళ్లలా వాడి పగడపు దిబ్బలపై పాకే ఒక చిన్న సొర ఉంది. 2021లో వెలువడిన ఒక ప్రయోగంలో దాని గుడ్లను 27, 29, 31 డిగ్రీల నీటిలో పెంచి చూశారు. 31 డిగ్రీల నీటిలోని పిల్లలు దాదాపు 25 రోజులు ముందుగానే బయటపడ్డాయి. గుడ్డులోని సొనను తొందరగా ఖర్చు చేసుకుని, చిన్నగా, నీరసంగా పుట్టాయి. నెలలు నిండని బిడ్డల వంటివే అవి.

గుడ్డు కదలలేదు కాబట్టి భరించింది. ఈదగలిగిన సొర భరించదు, తరలిపోతుంది. ముక్కు భాగంలోని సన్నని రంధ్రాలతో ఇతర జీవుల విద్యుత్‌ ప్రకంపనలను పసిగట్టగలిగే ఈ చేప, నీటి వెచ్చదనంలోని స్వల్ప తేడాలను కూడా గుర్తించగలదు. తనకు అనువైన నీరు ఎటు జరిగితే అటే సాగుతుంది. డైవర్‌ మాత్రం టిక్కెట్టు కొనుక్కున్న తేదీనే దిగుతాడు. చిక్కంతా అక్కడే ఉంది.

గైడ్ల డైరీలే సాక్ష్యం

ఈ మార్పును ముందుగా గమనించింది శాస్త్రవేత్తలు కాదు, రోజూ నీటిలోకి దిగే డైవింగ్‌ గైడ్లు. పసిఫిక్‌ మహాసముద్రంలో కోస్టారికా దేశానికి చెందిన కోకోస్‌ ద్వీపం ఉంది. ప్రధాన భూభాగానికి సుమారు 550 కిలోమీటర్ల దూరం. సుత్తి ఆకారపు తల గల సొరలు అక్కడ వందల సంఖ్యలో గుంపులు కట్టి తిరుగుతాయి. వాటిని చూసేందుకు ఒకటిన్నర రోజు ఓడ ప్రయాణం చేసి మరీ డైవర్లు వెళ్తుంటారు. ఆ ఓడల్లోని గైడ్లు ప్రతి డైవ్‌ ముగిశాక ఏ జాతి ఎన్ని కనిపించాయో పుస్తకంలో రాసిపెట్టేవారు. 1993 నుంచి 2013 వరకు 21 ఏళ్లపాటు, 27 వేలకు పైగా డైవ్‌లలో రాసిన ఆ లెక్కలను పరిశోధకులు 2015లో విశ్లేషించారు. సుత్తితల సొరలు కనిపించడం సుమారు 45 శాతం తగ్గింది. పగడపు దిబ్బల అడుగున విశ్రమించే తెల్లమొన సొరలు ఇంకా ఎక్కువగా, 77 శాతం తగ్గాయి. అంతకు ముందు ఆ దీవి చుట్టూ డైవర్లకు ఎదురుపడని పులిసొరలు మాత్రం 2007 తర్వాత తరచుగా కనిపించసాగాయి.

తగ్గుదలకు దొంగచాటు వేట పెద్ద కారణమని ఆ పరిశోధకులే చెప్పారు. ప్రతి నష్టాన్నీ వేడి ఖాతాలో రాసేయడం తేలిక, కానీ సరికాదు. అయితే ఎల్‌నినో ఏడాదుల్లో జరిగేది మాత్రం నీటి మార్పు ప్రభావమే. మామూలు సంవత్సరాల్లో అక్కడ పైనున్న వెచ్చని నీటికీ, కిందనున్న చల్లని నీటికీ నడుమ సరిహద్దు డైవర్‌ అందుకోగల లోతులోనే ఉంటుంది. సుత్తితల సొరలు ఆ చల్లని పొరను అంటిపెట్టుకుని తిరుగుతాయి. ఎల్‌నినో వస్తే వెచ్చని నీరు మందంగా పేరుకుని ఆ సరిహద్దు మరింత కిందికి కుంగుతుంది. దాంతోపాటే సొరలూ దిగిపోతాయి. వినోదం కోసం చేసే డైవింగ్‌కు 40 మీటర్లే గరిష్ఠ పరిమితి. సొరలు లేకపోలేదు, చూడటానికి వచ్చినవారికి అందని లోతులో ఉన్నాయి. వేలాది డాలర్లు వెచ్చించి వచ్చిన అతిథికి ఈ ముక్క చెప్పి ఒప్పించడం గైడ్లకు కత్తిమీద సామే.

ఉత్తరానికి పులిసొర, లోతుకు దిబ్బసొర

అమెరికా తూర్పు తీరంలో పులిసొరల పయనంపై మయామి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2022లో ఒక అధ్యయనం వెలువరించారు. ఉపగ్రహ ట్యాగులు అమర్చిన సొరల కదలికలను, నాలుగు దశాబ్దాల చేపలవేట లెక్కలను పక్కపక్కన పెట్టి చూశారు. వెచ్చని నెలల్లో అవి చేరే ప్రాంతం సుమారు 430 కిలోమీటర్ల మేర ఉత్తరానికి జరిగింది. నీరు సగటు కంటే 1 డిగ్రీ పెరిగిన ఏడాది అవి దాదాపు రెండు వారాలు ముందే వలస వచ్చాయి. దీనితో వచ్చిన మరో చిక్కు ఏమిటంటే, వేట నిషేధించిన రక్షిత జలాల హద్దులు ఎక్కడివక్కడే ఉన్నాయి. సొరలేమో వాటిని దాటి వలలు, గేలాలు ఉన్న నీటిలోకి వెళ్తున్నాయి. కాగితంపై గీసిన గీత సొరకు కనబడదు కదా.

హిందూ మహాసముద్రం నడిబొడ్డున ఉన్న చాగోస్‌ దీవుల్లో మరో దృశ్యం. అక్కడి పగడపు దిబ్బలను కాపురంగా చేసుకున్న బూడిదరంగు సొరలు 120కి పైగా జీవులకు ట్యాగులు తగిలించి 2013 నుంచి 2020 వరకు గమనించారు. 2015-16 ఎల్‌నినోకు పగడాలు వడలిపోయినప్పుడు సొరలు దిబ్బలను విడిచి బయటి నీటిలో ఎక్కువ సేపు గడిపాయి. కొన్నిచోట్ల ఏడాది దాటినా పాత అలవాటుకు తిరిగి రాలేదని 2024లో వెల్లడైంది. దిబ్బ వద్ద సొరను చూడటమే డైవర్‌ పని. దిబ్బే వడలితే సొర ఎందుకుంటుంది?

మార్పు అంటే ఎప్పుడూ వేడే అనుకోరాదు. 2021 మార్చిలో దక్షిణాఫ్రికా ఆగ్నేయ తీరాన, వెచ్చని నీటి వెంట దక్షిణానికి వెళ్లిన జీవులపైకి ఉన్నట్టుండి అడుగు నుంచి చల్లని నీరు పైకుబికింది. 81 జాతులకు చెందిన కనీసం 260 ప్రాణులు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వెచ్చదనం పిలిస్తే వెళ్లి, చలికి చిక్కుకున్నాయి. చల్లనీటి ఉబుకులు ఆ తీరంలో గత దశాబ్దాల్లో పెరిగాయని, బుల్‌ షార్క్‌ల వంటి వలస జీవులకు ఇది ఉచ్చుగా మారవచ్చని 2024లో పరిశోధకులు హెచ్చరించారు.

సొరకు నచ్చిన నీరు, డైవర్‌కు నచ్చిన నీరు

డైవింగ్‌కు వెళ్లేవారెవరైనా కోరుకునేది నీలి అద్దం వంటి నీటిని. ఇరవై మీటర్ల దూరం స్పష్టంగా కనిపించాలి, ప్రవాహం నెమ్మదిగా ఉండాలి. తిమింగల సొరకు కావాల్సింది సరిగ్గా ఇందుకు విరుద్ధం. అడుగున ఉన్న పోషకాలు పైకి వచ్చి, ప్లవకాలు పెరిగి, నీరు పచ్చబారితేనే దానికి విందు. పెద్ద సొరలకు ఇష్టమైన చోట్లు ప్రవాహాలు ఒరుసుకునే దిబ్బ అంచులు. ఈ ఇద్దరి కోరికలూ కొంతలో కొంత కలిసే కొద్ది వారాలనే 'సీజన్‌' అంటారు. సముద్రం మారినప్పుడు మొదట చెదిరేది ఈ సన్నని కాలఖండమే.

బంగాళాఖాతంలో ఈ తేడా మరింత ప్రస్ఫుటం. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ వంటి నదులన్నీ తెచ్చి పోసే మంచినీరు ఉప్పునీటిపై తేలికపాటి పొరగా పరుచుకుంటుంది. ఆ పొర మూతలా కూర్చోవడంతో కింది పోషకాలు పైకి రావడం కష్టం. వర్షాకాలంలో ఒండ్రు కలిసిన నీటిలో చేయి చాచితే వేళ్లు కనబడని రోజులుంటాయి. తీరం వెంట ప్రవాహమూ ఏడాదిలో దిశ మార్చుకుంటుంది. శీతకాలం చివర నుంచి వేసవి వరకు ఉత్తరంగా, ఈశాన్య రుతుపవనాల ఆరంభంలో దక్షిణంగా సాగుతుంది. విశాఖను 2014 అక్టోబరు 12న తాకిన హుద్‌హుద్‌ వంటి తుపానులు ఆ మూతను ఛేదించి కింది చల్లని నీటిని పైకి చిలుకుతాయి. తుపాను వెళ్లిన దారిలో కొన్నాళ్లపాటు నీరు చల్లబడటం, ప్లవకాలు పెరగడం ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తుంది.

హిందూ మహాసముద్రం 1950 నుంచి 2020 వరకు దశాబ్దానికి 0.12 డిగ్రీల చొప్పున వేడెక్కిందని పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో 2024లో వచ్చిన అధ్యయనం పేర్కొంది. నేలపై వడగాడ్పుల మాదిరిగా సముద్రంలోనూ వడదెబ్బ రోజులుంటాయి. వాటినే సాగర ఉష్ణ తరంగాలు అంటారు. ప్రస్తుతం ఏడాదికి సగటున 20 రోజులు ఉండే ఈ దశ, ఉద్గారాలు ఇలాగే కొనసాగితే శతాబ్దాంతానికి 220 నుంచి 250 రోజులకు చేరవచ్చని అదే అధ్యయనం అంచనా వేసింది. ఏడాదిలో మూడింట రెండొంతులు వడగాడ్పులే అయితే దానిని తరంగం అనడం కూడా తప్పేమో. 2023 చివర మొదలైన వేడికి 2024లో లక్షద్వీప్‌ పగడాలు పెద్దయెత్తున తెల్లబారాయి. దేశంలో డైవింగ్‌ కోసం ఎక్కువమంది వెళ్లే ప్రాంతాల్లో అదొకటి.

హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్‌) 1999 నుంచి పనిచేస్తోంది. నీటి ఉష్ణోగ్రత, ప్లవకాల పచ్చదనం ఉపగ్రహాల ద్వారా గమనించి చేపలు దొరికే చోట్లను మత్స్యకారులకు తెలియజేయడం దాని ముఖ్య సేవల్లో ఒకటి. అలల ఎత్తు, సాగర ఉష్ణ తరంగాలు, పగడాలకు పొంచి ఉన్న ముప్పుపైనా హెచ్చరికలు జారీ చేస్తుంది. తెప్పకు దారి చూపే ఆ సమాచారమే డైవింగ్‌ పడవకూ పనికొస్తుంది. చేప ఉన్నచోటే సొర ఉంటుందన్నది జాలరికి కొత్త సంగతేమీ కాదు.

మాల్దీవుల్లో ఏం చేశారు?

సొరను చంపి అమ్మితే ఒక్కసారే ఆదాయం, చూపిస్తే ఏటా ఆదాయం అన్న లెక్క మాల్దీవులకు ముందుగా అర్థమైంది. 2010లో ఆ దేశం తన జలాలన్నింటా సొరల వేటను నిషేధించింది. దక్షిణాన ఉన్న ఫువామూలా దీవి రేవు వద్ద, మత్స్యకారులు పారేసే ట్యూనా వ్యర్థాల కోసం పులిసొరలు చేరుతాయి. ఏడేళ్లపాటు తీసిన ఛాయాచిత్రాల ఆధారంగా అక్కడ 200కు పైగా వేర్వేరు పులిసొరలను గుర్తించినట్లు 2025లో పరిశోధకులు తెలిపారు. చిన్న దీవికి అదే ఇప్పుడు జీవనాధారాల్లో ఒకటి. ఎర చూపి అడవి జంతువును మనిషికి అలవాటు చేయడం ఎంతవరకు సబబన్న విమర్శ లేకపోలేదు. ఎర ఉన్నచోట సొర ప్రవర్తన మారుతుంది. అనుభవం లేనివారు అక్కడికి దిగడం సాహసం కాదు, తెలివితక్కువతనం.

అదే దేశంలోని హనిఫారు అఖాతంలో నైరుతి రుతుపవనాల వేళ ప్లవకాలు పోగుపడతాయి. వాటి కోసం మాంటా టేకులు, తిమింగల సొరలు వస్తాయి. అక్కడ స్కూబా డైవింగ్‌నే నిషేధించారు. ఊపిరి బిగబట్టి పైన తేలుతూ చూడవచ్చు తప్ప సిలిండరుతో దిగరాదు. విందుకు వచ్చిన జీవులను బుడగలు, రద్దీ బెదరగొడతాయన్నదే కారణం. డబ్బు వచ్చే పనిని తమకు తామే కట్టడి చేసుకోవడం అన్ని పర్యాటక కేంద్రాల్లో జరిగేది కాదు.

ఓడల దారిలో మెత్తని చేప

విశాఖ వాసులు పట్టించుకోవాల్సిన అసలు ముప్పు ఇక్కడే ఉంది. తిమింగల సొర మేత మేసేది ఎక్కువగా నీటి పైపొరల్లో. అవసరమైతే 1,900 మీటర్లకు పైగా లోతుకు మునగగలదు కానీ, తిని, ఒళ్లు వెచ్చబరచుకునేందుకు పైకి వస్తుంది. నెమ్మదిగా కదులుతుంది. భారీ నౌక ఢీకొంటే ఓడలోని వారికి కుదుపైనా తెలియదు. చచ్చిన తిమింగల సొర తేలదు, మునిగిపోతుంది. కాబట్టి సాక్ష్యం మిగలదు. ఉపగ్రహ ట్యాగులున్న తిమింగల సొరలు తిరిగే ప్రాంతంలో 90 శాతానికి పైగా పెద్ద నౌకల దారులతో కలుస్తోందని 2022లో ఒక అంతర్జాతీయ అధ్యయనం చూపింది. నీరు వేడెక్కి వాటి నెలవులు జరిగేకొద్దీ, ఇప్పటివరకు తగలని ఓడదారులు కూడా తగలవచ్చని 2024లో అదే బృందం హెచ్చరించింది.

విశాఖ, గంగవరం రేవుల ముందు నౌకలు బారులు తీరే దృశ్యం బీచ్‌రోడ్డులో నిలబడిన ఎవరికైనా కనిపిస్తుంది. దీనికి తోడు బంగాళాఖాతంలో సుమారు 100 మీటర్ల దిగువ నుంచి ప్రాణవాయువు అతి తక్కువగా ఉండే మందపాటి పొర ఒకటి ఉంది. అట్లాంటిక్‌లో అటువంటి పొర ఉన్నచోట నీలిసొరలు మునిగే గరిష్ఠ లోతు దాదాపు 40 శాతం తగ్గిందని 2021లో తేలింది. కింద ఊపిరాడక పైపొరల్లో ఇరుక్కుంటే వలలకు, గేలాలకు మరింత తేలికగా చిక్కుతాయి. అప్పుడు ఒడ్డున ఉన్నవారికి 'సొరలు పెరిగాయి' అన్న భ్రమ కలుగుతుంది. నిజానికి పెరిగింది సొరలు కావు, వాటి ఇరుకు.

దిగేవారు చూసుకోవాల్సినవి

మారుతున్న నీటిలో డైవర్‌కు సొర కంటే నీటితోనే ప్రమాదం ఎక్కువ. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా ఒంటిపై పడుతుంది. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కంగారులో గబగబా పైకి ఎగబాకితే రక్తంలో నత్రజని బుడగలు కట్టి ప్రాణం మీదికి తెస్తుంది. సొరను చూసి బెదిరినవారు చేసే మొదటి తప్పు సరిగ్గా ఇదే. ప్రవాహం పెరిగినా, ఉన్నట్టుండి చల్లని పొర తగిలినా శ్వాస వేగం పెరిగి సిలిండరులోని గాలి అనుకున్నదానికంటే ముందే అడుగంటుతుంది. అందువల్ల గాలి మీటరును మామూలు కంటే తరచుగా చూసుకోవాలి. తొలిసారి దిగేవారు 12 మీటర్లు, ప్రాథమిక శిక్షణ పొందినవారు 18 మీటర్లు మించరాదన్నది అంతర్జాతీయంగా పాటించే పద్ధతి. డైవింగ్‌ ముగిశాక విమానం ఎక్కేందుకు కనీసం 18 గంటలు ఆగడం క్షేమం. సాయంత్రం విమానానికి టిక్కెట్టు తీసుకుని ఉదయం నీటిలో దిగేవారు ఈ సంగతి మరువరాదు.

సొర ఎదురైతే చేతులు కాళ్లు ఆడించకుండా నిటారుగా నిలిచి, దానివైపే చూస్తూ, తోటివారికి దగ్గరగా ఉండాలి. వీపు చూపి పారిపోరాదు. తిమింగల సొర అయితే దేహానికి 3 మీటర్లు, తోకకు 4 మీటర్లు ఎడంగా ఉండాలన్నది చాలా దేశాల నిబంధన. తాకడం, తోవకు అడ్డు వెళ్లడం, ఫ్లాష్‌ వెలిగించడం కూడదు. దాని తోక ఊపు తగిలితే మనిషి తట్టుకోలేడు. కోపంతో కొట్టదు, వెనుక ఎవరున్నారో దానికి తెలియదంతే.

చుక్కలే వేలిముద్రలు

తిమింగల సొర ఒంటిపై చుక్కల అమరిక ఏ రెండింటికీ ఒకేలా ఉండదు. ఆకాశంలోని నక్షత్రాల పటాలను పోల్చి చూసేందుకు ఖగోళ శాస్త్రవేత్తలు వాడిన గణిత పద్ధతినే 2005లో ఈ చుక్కలను పోల్చేందుకు మలిచారు. మొప్పల వెనుక, రెక్క పైభాగాన తీసిన ఒక్క స్పష్టమైన ఫొటో చాలు, ఆ చేప ఇంతకు ముందు ఎక్కడ కనిపించిందో కంప్యూటరు వెతికి పెడుతుంది. ప్రపంచవ్యాప్తంగా పర్యాటకులు తీసిన ఫొటోలతోనే వేలాది తిమింగల సొరలకు ఇలా గుర్తింపు దక్కింది. కోకోస్‌ గైడ్ల డైరీల మాదిరిగా రుషికొండలోనూ ప్రతి డైవ్‌ తేదీ, నీటి వెచ్చదనం, కనుచూపు దూరం, ఎదురుపడిన జీవులు రాసిపెట్టడానికి ఖర్చయ్యేది ఒక నోటుపుస్తకం, కొన్ని నిమిషాలు. ఇరవై ఏళ్ల తర్వాత దాని విలువ కట్టలేం.

భారత్‌లో తిమింగల సొరకు 2001 మే 28 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు కింద రక్షణ ఉంది. ఆ షెడ్యూలులోకి ఎక్కిన తొలి చేప అదే. పులిని చంపితే ఏ శిక్షో దీనిని చంపినా అదే. గుజరాత్‌లోని సౌరాష్ట్ర తీరంలో ఒకప్పుడు కాలేయ నూనె, మాంసం కోసం వీటిని వందల సంఖ్యలో వేటాడేవారు. 2004లో ఆధ్యాత్మిక ప్రవచనకర్త మొరారి బాపు దీనిని కాన్పుకు పుట్టింటికి వచ్చే ఆడపడుచుతో పోల్చి ప్రచారం చేశారు. అక్కడి మత్స్యకారులు దీనిని 'వ్హాలీ' అని, అంటే ప్రియమైనదని పిలవసాగారు. వలలో పడితే వలనే కోసి విడిచిపెట్టడం, ఆ వలకు ప్రభుత్వం పరిహారం ఇవ్వడం అప్పటి నుంచి ఆనవాయితీగా మారింది. అలా బతికి బయటపడినవి వందల్లో ఉన్నాయి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకు 61 రోజులపాటు మరబోట్ల వేటకు విరామం ఉంటుంది. ఆ తర్వాత బోట్లన్నీ ఒక్కసారిగా సంద్రంలోకి వెళ్తాయి. అప్పుడు వలలో చుక్కల చేప పడితే దానిని ఒడ్డుకు ఈడ్చుకురావద్దని, తోకకు తాడు కట్టి లాగవద్దని, నీటిలో ఉండగానే వల కోసి వదిలి అటవీశాఖకు కబురు చేయాలని సంరక్షకులు సూచిస్తున్నారు. ఒడ్డుకు వచ్చిన తిమింగల సొర తన బరువు కిందే తాను నలుగుతుంది. తంతడిలో వలె సకాలంలో పది చేతులు కలిస్తేనే అది మళ్లీ నీటిని చూస్తుంది.